ఎదురొస్తే ఆగే చోటు

వంటబల్ల మీద పటం పరిచి
నాలుగు మూలలా బరువులు పెట్టాను:
ఉప్పుడబ్బా, టార్చిలైటు, కారు తాళాలు,
ఇష్‌బెల్ సగం తాగి మరిచిపోయిన టీ కప్పు.

డింగ్‌వాల్‌లో వాన మొదలై మూడో రోజు.
షెడ్డులో టార్పాలిన్ కింద కారు
కాళ్లు ముడుచుకున్న మిడత.
ఇద్దరికే చోటు. నేలకి జానెడైనా లేదు ఎత్తు.
పద్దెనిమిదేళ్ల పాతది,
నా చేతికొచ్చి పద్దెనిమిది వారాలు.

నేను గీసిన దారి:
గార్వ్, అక్నషీన్, కిన్‌లోక్యూ,
టోరిడన్ మీదుగా షీల్డేగ్,
సముద్రం కొంగు పట్టుకుని ఆపిల్‌క్రాస్,
అక్కణ్ణుంచి బెలక్ న బా కనుమ
ఎక్కడం, దిగడం.
దృశ్యం బాగుంటుందన్న ప్రతిచోటా
ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాను.
కనుమ దగ్గర ఎత్తుగీతలు
టేకుచెక్క చారల్లా ఒరుసుకుని
పెన్సిలుకి సందివ్వలేదు.

పక్కింటి ఇష్‌బెల్ మెకే
ముప్పైయొక్కేళ్లు ఆ కొండల్లో టపా వ్యాను నడిపింది.
ఇప్పుడు చూపు నడుమ ఒక మసక మచ్చ.
అంచులు కనిపిస్తాయట, మధ్య కనిపించదట.
మనుషుల్ని చెవులు చూసి పోల్చుకుంటుంది.

"సున్నాలన్నీ చెరిపెయ్" అంది.
"చూసే చోట్లతో నాకేం పని, మలుపులు చదువు."
చదివాను.
"ఆ గట్టు నీడలో మార్చి దాకా మంచు కరగదు.
వంతెన అవతల గొర్రెలు పడుకుంటాయి,
తారు వెచ్చగా ఉంటుందని.
ఆదివారం పెట్రోలు దొరుకుతుందని ఎవరు చెప్పినా నమ్మకు.
పశువుల జాలీ మీద మెల్లగా, నీ బండికి పొట్ట పెద్దది.
ఇంతకీ
ఎంత జోరుగా పోతుందో అడగనులే,
వెనక్కి ఎంత బాగా పోతుంది?"

అది నేనెప్పుడూ చూసుకోలేదు.

గురువారం తెరిపిచ్చింది.
పైకప్పు తీసేశాం.
చెవులమీదికి ఉన్ని టోపీ లాక్కుని
ఆవిడ కళ్లు పూర్తిగా మూసుకుంది.
"సగం చూపు కంటే ఇది నయం."

చిన్నప్పుడు పాడేరు ఘాటులో
బస్సు తిరిగినప్పుడల్లా
గుప్పిట్లో నిమ్మకాయ వాసన చూస్తూ
నేనూ అలాగే మూసుకునేవాణ్ణి.
నాది వాంతి భయం.
ఈవిడ మాత్రం స్టీరింగు తిరగకముందే
ఆ పక్కకి ఒరుగుతోంది.

"నీళ్ల వాసన. కుడివైపు లాక్."
ఉంది.
"ఇప్పుడు పైన్ చెట్లు, గాలి ఆగిపోయింది."
అవును.
"ఇక్కడ పీట్ పొగ రావాలే. రావట్లేదా?"
రాలేదని చెప్పాను.
"అయితే యూయన్ లేడన్నమాట" అని
రెండు మలుపులు మాట్లాడలేదు.

కనుమ దిగుతుంటే
దుప్పటంత రోడ్డుకి అడ్డంగా
ఎదురు ఎక్కుతూ తెల్లటి క్యాంపర్ వ్యాను.
కింద బోర్డు మీద వద్దని రాసి ఉంది,
వాళ్లు చదివినట్టు లేదు.
ఆగే చోటు మా వెనక, అరవై గజాల పైన.
రివర్సులో పడేసి తల తిప్పితే
అద్దంలో ఆకాశమే, రోడ్డు లేదు.
నా అరచేతుల చెమట స్టీరింగుకి తెలుస్తోంది.

ఆవిడ కళ్లు తెరిచింది.
తలుపు మీంచి నడుం దాకా వంగి
"నాకు మిగిలింది అంచులేగా" అంది.
"రా. ఇంకా రా.
కొంచెం నీ వైపు... చాలు.
రాయి. రాయి దాటింది.
గడ్డి. ఆగు."

వ్యాను మమ్మల్ని రాసుకుంటూ పోయింది.
డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలెత్తాడు.
ముప్పైయొక్కేళ్ల అలవాటు,
వాడు కనిపించాడో లేదో గానీ
ఆవిడా ఒక వేలెత్తింది.

ఇంజను ఆపేసి కాసేపు కూర్చున్నాం.
వేడి లోహం టిక్ టిక్‌మంటోంది.
"లోయ ఎలా ఉంది?" అని అడిగింది.
"చూడలేదు, వ్యానే చూశాను" అన్నాను.
"సరే, అయితే ఇంకోసారి రావాలి.
ఈసారి అటునుంచి."